మఖ్దూం సాహెబ్ కలం

జనాబ్ మఖ్దూం మొహియుద్దీన్ సాహెబ్ 1908లో మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోతే చాచా పెంచారు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి సిటీ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1944లో తొలి సంపుటి ‘సుర్ఖ్ సవేరా’ వచ్చింది. తర్వాత కార్మిక సంఘాలు, అజ్ఞాతవాసం, జైలు. 1952 ఉప ఎన్నికలో మన పెన్‌పహాడ్‌కు దగ్గరి హుజూర్‌నగర్ నుంచే శాసనసభకు గెలిచారు. ఇక్కడి పెద్దలు ఆయన్ని లీడరుగానే ఎరుగుదురు.

షాయరీ మాత్రం వెనకబడింది. రెండో పుస్తకం ‘గులె తర్’ రావడానికి 17 ఏళ్లు పట్టింది! అప్పటికి వయసు 53. పడుచుతనంలో మొదలెట్టే గజల్‌ను ఆయన యాభై దాటాక పట్టారు, పట్టాక వదల్లేదు. శాసనమండలి పని ఉండనే ఉంది. అయినా అయిదేళ్లకే, 1966లో, పాతవీ కొత్తవీ కలిపి ‘బిసాతె రక్స్’ అచ్చయింది. 1969లో ఢిల్లీలో కన్నుమూశారు. సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే, ఆ ఏడాదిదే.