ఆగ్డెను పట్టణపు తుపాకుల శిల్పి
సరయేవో నగరమున 1914 జూన్ 28వ తేదీని ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను బలిగొన్న పిస్తోలు బెల్జియము దేశమందలి హెర్‌స్టాల్ కర్మాగారమున తయారైనది. దానిని కల్పించినవాడు అమెరికాలోని యూటా సీమవాడగు జాన్ మోజెస్ బ్రౌనింగు. ఆ హత్యతో తన పేరు ముడిపడుట ఆయన కోరినది కాదు. కాని తన పనిముట్టు ఎవరి చేతికి పోవలెనో నిర్ణయించు అధికారము తుపాకి చేయువానికి ఎన్నడు కలదు?

బ్రౌనింగు 1855 జనవరి 23న ఆగ్డెను పట్టణమున జన్మించెను. తండ్రి జోనతాను మార్మను మతస్థుడు, తుపాకుల పనివాడు. ఆయనకు భార్యలు మువ్వురు, సంతానము 22 మంది. కమ్మరి బిడ్డ కొలిమి యొద్దనే పెరిగినట్లు, జాను తండ్రి దుకాణమున ఇనుప ముక్కల నడుమ పెరిగెను. పదియేండ్ల ప్రాయముననే పారవేసిన పాత గొట్టముతో ఒక తుపాకి చేసికొనెనని చెప్పుదురు. 1879లో తండ్రి గతించెను. ఆ యేడే ఒంటితూటా రైఫిలుకు తొలి పేటెంటు లభించెను. 1883లో వించెస్టరు కంపెనీవారు వెదకికొని వచ్చి 8,000 డాలర్లకు దాని హక్కులు కొనిపోయిరి.

ఆ పొత్తు 1902 వరకు సాగి, తనంత తాను తూటా మార్చుకొను వేటతుపాకి ప్రతిఫలము విషయమున తెగిపోయెను. ఆయన ఆ తుపాకిని చంకన బెట్టుకొని రెమింగ్టన్ అధ్యక్షుని చూడబోగా, ఆయన గుండె ఆగి మరణించెనను వార్త వచ్చెను. అంతట సముద్రము దాటి బెల్జియమునకు పోయెను.

ఆయన ప్రతిభ నెరుగవలెనన్న పిస్తోలు గొట్టమును చూడవలెను. చిన్న తూటాకు గొట్టము కదలనక్కరలేదు; పైనున్న స్లైడు బరువు, స్ప్రింగు బలము చాలును. 1910 నాటి బెల్జియము పిస్తోలులో స్ప్రింగు గొట్టము చుట్టునే అమరియుండును. గొట్ట మొక్కటి మార్చిన చాలు, 7.65 మిల్లీమీటర్ల పిస్తోలు 9 మిల్లీమీటర్ల పొట్టి తూటాకు పనికివచ్చును. సరయేవోలో ప్రేలినది ఈ 9 మిల్లీమీటర్లదే.

అమెరికా సైన్యము కోరిన 0.45 అంగుళపు తూటా బలమైనది. గొట్టము మీది గట్లు స్లైడు లోపలి గాడులలో కూర్చుండును. ప్రేలగానే రెండును కలిసి కొంత వెనుకకు పోవును. గుండు వెడలిపోయిన పిదప క్రింది లంకె తిరిగి గొట్టపు వెనుకభాగమును దింపును. గట్లు విడి, స్లైడు ఒంటిగా వెనుకకు సాగును. తొలి నమూనాలలో ముందొకటి, వెనుకొకటి రెండు లంకెలుండెను. తరువాత వెనుకది మాత్రమే నిలిచెను, ముందు కొనను ఒక కట్టు పట్టుకొనెను. గొట్టము నూడదీయుటకు చేతివ్రేళ్లే చాలును. 1911లో 6,000 తూటాలు కాల్చి పరీక్షింపగా ఒక్కటియు తప్పలేదు. మార్చి 29న సైన్యము దానిని స్వీకరించెను.

రెండవ ప్రపంచయుద్ధమున టైపురైటర్ల రెమింగ్టన్ రాండువారును, కుట్టుమిషన్ల సింగరువారును ఈ పిస్తోలును చేసిరి. సింగరువారు చేసినవి 500 మాత్రమే. ఒకరు చేసిన గొట్టము వేరొకరి పిస్తోలులో ఇముడవలెను గనుక అమరికలో కొంత వదులు విడువక తప్పలేదు. గురిపందెములవారికి ఈ వదులు కంటగింపు. వారికై బయటి పనివారు గొట్టములను కొలతకు మించిన లోహముతో చేసి అమ్ముదురు. నేర్పరి దాని వెనుక నాలుకను, క్రింది కొక్కెములను కొంచెము కొంచెముగా ఆకురాయితో రాచి, మాటిమాటికి కూర్చి చూచుకొనును. చాలనిచో స్లైడు పూర్తిగా మూయదు. మించినచో గొట్టము వ్యర్థము. బిగువు గురికి మేలు, బురదకు కీడు. బ్రౌనింగు బురదలో పోరాడువానినే తలచుకొనెనని నా నమ్మకము.

ఆయన 1926 నవంబరు 26న హెర్‌స్టాల్ కర్మాగారముననే, కుమారుడు వాల్ పనిచేయుచోట, గుండె ఆగి మరణించెను. పేరిట నిలిచిన పేటెంట్లు 128. చివరి పిస్తోలు పేటెంటు 1927లో గాని చేతికి రాలేదు. ద్యూదొన్నె సైవ్ అను బెల్జియను దానిని సంస్కరించి 1935 నాటికి పూర్తిచేసెను. అందు లంకె లేదు. గొట్టపు కొక్కెమున ఏటవాలుగా కోసిన దారియే ఆ పని నెరవేర్చును. బెంగాలులోని ఈశాపూరు రైఫిలు కర్మాగారమున మన సైన్యమునకై తయారైన 9 మిల్లీమీటర్ల పిస్తోలు దీని ప్రతిరూపమే.