నాన్సెన్ మహాశయుని చరిత్రము

నార్వే దేశమున, నేడు ఓస్లో యని పిలువబడు క్రిస్టియానియా నగరమునకు సమీపమున, 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ఫ్రిట్యోఫ్ నాన్సెన్ జన్మించెను. తండ్రి న్యాయవాది. పొడవైన కొయ్యపలకలను కాళ్లకు గట్టుకొని మంచుపై జారిపోవు విద్య యాతనికి బాల్యముననే యలవడెను. విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము నభ్యసించెను. 1888లో గ్రీన్లండు ద్వీపపు మంచుబయలును తూర్పు తీరమునుండి పడమటి తీరమునకు దాటెను. అంతకుముందు దానిని దాటినవారు లేరు. 1893లో ఫ్రామ్ అను నోడను సముద్రపు మంచులో బుద్ధిపూర్వకముగా జిక్కించి, ప్రవాహము దానిని ధ్రువమువైపు గొనిపోవునని వేచియుండెను. 1895 మార్చిలో ఓడను విడిచి, జొహాన్సెన్ అను నొక్క సహచరునితో, కుక్కలు లాగు బండ్లతో బయలుదేరి 86 డిగ్రీల 14 నిమిషముల యుత్తర అక్షాంశమును జేరెను. ధ్రువము దొరకలేదు గాని యంత యుత్తరమునకు మరియెవ్వరును బోయి యుండలేదు. ఆ శీతకాలమును వారిరువురును రాళ్లతోను వాల్రస్ చర్మములతోను గట్టిన గుడిసెలో ఎలుగుబంటి మాంసము దినుచు గడపి, 1896లో స్వదేశము జేరిరి.

ఈ సాహసములు పిల్లలకు మిక్కిలి ప్రియములని యెరుగుదుము. వానిని సవిస్తరముగా వ్రాసిన గ్రంథములు పెక్కులు గలవు. ఇచట మేము చెప్పదలచినది ఆతని యేబదితొమ్మిదవ యేట మొదలయిన పనిని గూర్చి.

1914లో ఐరోపాఖండమున మహాయుద్ధము పుట్టెను. నార్వే తటస్థముగా నుండెను. ఐనను సముద్రమార్గములు నిరోధింపబడి యా చిన్న దేశమునకు ధాన్యము కొరవడగా, నాన్సెన్ 1917లో వాషింగ్టన్ నగరమునకు బోయి, నెలల తరబడి సంప్రదించి, 1918లో ఆహారపు టొడంబడికను సాధించెను. ఆ యేటి నవంబరు 11న యుద్ధవిరామమయ్యెను. 1919 జూన్ 28న వెర్సాయి సంధిపై సంతకములు జరిగెను. యుద్ధము ముగిసినదని లోకము సంతసించెను.

ఐతే సైబీరియాలోని ఖైదుశిబిరములలో నున్నవారికి అది ముగియలేదు. రష్యా సైన్యములు ఆస్ట్రియా-హంగరీ సైనికులను ఇరువది లక్షలకు మించి పట్టుకొని యుండెను. వారిలో ననేకులు 1918లోనే యిండ్లు జేరిరి. రష్యాలో అంతర్యుద్ధము చెలరేగి రైలుమార్గములు తెగిపోగా, మిగిలినవారు నిలిచిన చోటనే నిలిచిపోయిరి. వారి చక్రవర్తి పదవీచ్యుతుడయ్యెను. వారి సామ్రాజ్యము ముక్కలయ్యెను. ఏ రాజు కొరకు పోరిరో యా రాజే లేడు, ఏ దేశమునకు మరలవలెనో యా దేశమునకు పేరు మారినది. మరియొక వంక జర్మనీలో రష్యా ఖైదీలు గూడ నట్లే పడియుండిరి. చలి, ఆకలి, టైఫస్ జ్వరము వారిని దినదినము హరించుచుండెను.

1920 ఏప్రిల్‌లో నానాజాతి సమితి వారిని విడిపించు భారమును నాన్సెన్‌పై మోపెను. శాస్త్రపరిశోధనకు మరలుటయే యాతని కోరిక, ఐనను ఒప్పుకొనెను. సమితి యొద్ద దీనికి దగిన ధనము లేకుండుటచే ప్రభుత్వముల యొద్దనుండి ఋణములు దేవలసివచ్చెను. ఓడలు సంపాదింపవలసివచ్చెను. వీనికంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. సోవియట్ ప్రభుత్వము నానాజాతి సమితిని అంగీకరించి యుండలేదు. కావున దానితో మాటలాడబోదు. తుదకు సమితితో గాక నాన్సెన్ అను వ్యక్తితో వ్యవహరించుటకు మాస్కోలోని వారొప్పుకొనిరి. పరస్పరము నమ్మని రెండు పక్షములును నమ్మిన మనుష్యుడొక్కడుండుట యెంత ఫలప్రదమయ్యెనో చూడుడు. రష్యానుండి వచ్చు ఖైదీలను నార్వా రేవున ఓడ లెక్కించి బాల్టిక్ సముద్రముమీదుగా స్టెటిన్‌కు జేర్చిరి. ఆ యోడలే మరలునపుడు జర్మనీలోని రష్యా ఖైదీలను గొనిపోయెను. ఒక్క ప్రయాణమైనను వట్టి యోడతో జరుగరాదని యాతని యెత్తు. నల్లసముద్రముమీదుగాను, దూరమున వ్లాడివొస్టాక్ రేవునుండియు గూడ కొందరిని దెచ్చిరి. 1922 నాటికి 4,27,886 మంది తమ యిండ్లు జేరినట్లు నాన్సెన్ సమితికి నివేదించెను.

ఈ పని నడుచుచుండగనే 1921లో వోల్గా నదీప్రాంతమున ఘోరక్షామము వచ్చెను. రెడ్ క్రాస్ సంఘముల ప్రార్థనపై నాన్సెన్ దానికి గూడ బూనుకొనెను. సెప్టెంబరులో సమితి సభయందు నిలిచి ఋణసహాయము నడిగెను. అర్జెంటీనాలో మొక్కజొన్నలను వంటచెరకువలె కాల్చుచున్నారనియు, ఓడలు పనిలేక రేవులలో గట్టబడియున్నవనియు దెలిపెను. సాయము చేసినచో బోల్షివిక్ ప్రభుత్వము బలపడునని యంచు సభవారు నిరాకరించిరి. ఆకలిగొన్న రైతు ఏ రాజ్యాంగమును సమ్మతించెనో విచారించి యన్నము పెట్టుట మాకు న్యాయముగా దోచదు. నాన్సెన్ స్వయముగా క్షామప్రదేశమును జూచి, ఛాయాపటములు దీసి, వానిని దీసికొని దేశదేశములు దిరిగి విరాళములు గూర్చెను. అమెరికావారు, హూవర్ నాయకత్వమున, ఇంతకంటె నెంతయో పెద్దసహాయము చేసి దినమునకు కోటిమందికి అన్నము పెట్టిరని చెప్పకపోవుట అపచారము. ఐనను సుమారు 50 లక్షలమంది మరణించిరి.

రష్యాను విడిచి పారిపోయినవారు పది లక్షలకు బైగా నుండిరి. సోవియట్ శాసనము వారి పౌరసత్వమును రద్దుచేయగా వారే రాజ్యమునకును జెందనివారైరి. పత్రము లేనివాడు సరిహద్దు దాటలేడు. 1922 జూలైలో నాన్సెన్ ప్రయత్నమున వారికొక ప్రమాణపత్రము ఏర్పడెను. అదియే నాన్సెన్ పాసుపోర్టు. తొలుత అది చాల బలహీనమైనది: దానితో నొక దేశమును వీడినవానిని ఆ దేశము మరల రానిచ్చునను హామీ లేకుండెను. క్రమముగా నా లోపము తొలగెను. ఏబదికి బైగా ప్రభుత్వములు దానిని మన్నించెను. సంగీతకర్త స్ట్రావిన్స్కీ, చిత్రకారుడు షాగాల్ దానిని ధరించినవారిలో నుండిరి. ఆ యేటి శాంతి నోబెల్ బహుమానము నాన్సెన్‌కు లభింపగా, ధనమును సహాయకార్యములకే యిచ్చివేసెను.

ఆతని పనులన్నియు నిట్లు నిష్కళంకములని చెప్పజాలము. 1922లో స్మిర్నా పతనమైన పిదప గ్రీసుకును టర్కీకిని నడుమ ప్రజలను మార్చుకొనుట మేలని యాతడు సూచించెను. 1923 జనవరిలో లోజాన్ నగరమున నది యొడంబడికయై, సుమారు 12 లక్షల క్రైస్తవులును, 4 లక్షల మహమ్మదీయులును పుట్టినయూళ్లు విడువవలసినవారైరి. మతమే కొలతగా నుంచుటచే, టర్కీభాష తప్ప వేరెరుగని క్రైస్తవులు గ్రీసుకును, గ్రీకుభాష మాటలాడు క్రీటు మహమ్మదీయులు టర్కీకిని పంపబడిరి. అప్పటికే పెక్కులక్షలమంది పారిపోయి యుండిరనియు, వధను మాన్పుటకు వేరుదారి లేదనియు కొందరు సమర్థింతురు. సమాధుల నడిగి పోవుటకైనను సమయము జిక్కని వృద్ధులను దలచుకొన్నప్పుడు ఆ సమర్థనము మాకు చాలదు.

ఆర్మీనియనుల కొరకు ఆతడు పడిన పాటు వేరొక విధమైనది. 1925లో ఎరివాన్ ప్రాంతమునకు బోయి, బీడుభూములకు నీరు గట్టి కాందిశీకులను నిలుపవచ్చునని లెక్కలు వేసికొని వచ్చెను. ఏటేట సమితిని ధనమడిగెను. యుద్ధకాలమున ఆర్మీనియనులకు వాగ్దానములు చేసిన రాజ్యములే యిప్పుడు చేతులు ముడుచుకొనెను. ఆ ప్రణాళిక యట్లే నిలిచిపోయెను.

1930 మే 13న లైసాకర్‌లోని తన గృహమున నాన్సెన్ దేహము చాలించెను. నార్వే జాతీయదినమగు మే 17న అంత్యక్రియలు జరిగెను. ఆతని పేర 1931లో వెలసిన కాందిశీకుల కార్యాలయము పాసుపోర్టులిచ్చుచు, ఆర్మీనియనులకు సిరియాలో ఇండ్లు గట్టించుచు పనిచేసి, 1938లో తానును శాంతి బహుమానము నందెను. మరుసటి సెప్టెంబరులో రెండవ మహాయుద్ధము వచ్చెను.