ముందు పడటం నేర్పిన గురువు

జూడో పితామహుడు జిగోరో కానో 1860లో జపాన్‌లోని కోబె దగ్గర పుట్టారు. మనిషి పొట్టి, బక్కపలుచన. ఇల్లు వదిలి బోర్డింగు స్కూల్లో చదువుతుంటే బలమున్న పిల్లలు ఏడిపించి కొట్టేవారు. ఆ బాధ హాస్టల్ పిల్లలం మాకు కొత్త కాదు. అందుకే ఆయన 1877లో ఫుకుదా అనే గురువు దగ్గర జుజుత్సు నేర్చుకున్నారు. 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో కొడోకాన్ స్థాపించారు.

ఎదుటివాణ్ణి పడగొట్టడమే ఈ విద్య అని మేము అనుకున్నాం. కానీ జూడోలో మొదటి పాఠం మనం పడటం! గడ్డం ఛాతీకి ఆనించాలి, తల నేలకు తగలకూడదు, అరచేత్తో చాపను గట్టిగా చరచాలి. చెయ్యి మండుతుంది గాని తల దక్కుతుంది. కానో గారి శిష్యుడు మయేదా 1914లో ఈ విద్యను బ్రెజిల్ తీసుకెళ్ళారు. అదే బ్రెజిలియన్ జుజుత్సుకు మూలం. అక్కడ కూడా తెల్ల బెల్టు వాళ్ళు ముందుగా నేర్చేవాటిలో పడటం ఒకటి.

1938లో కైరోలో ఒలింపిక్ సమావేశం ముగించుకుని ఓడలో తిరిగి వస్తూ, ఇల్లు చేరకుండానే కానో గారు కన్నుమూశారు.