ఒత్తిడికి శాస్త్రంలో చోటు కల్పించిన హాన్స్ సెల్యే

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని ఝపటాపూర్‌లో, రాత్రి డ్యూటీ ముగించుకుని ఉదయాన ఇల్లు చేరిన ఉద్యోగి తన స్థితిని చెప్పడానికి నేడు వాడే మాట స్ట్రెస్. నిద్రలేమికీ, అప్పుల దిగులుకూ, పిల్లల చదువు బెంగకూ ఒకే పేరుగా మారిన ఈ మాటను వైద్యశాస్త్రంలో స్థిరపరచినవారు హాన్స్ సెల్యే.

ఆయన 1907 జనవరి 26న వియన్నాలో జన్మించారు. తండ్రి సైనిక వైద్యుడు. ప్రాగ్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లో సెల్యేను ఒక విషయం ఆకర్షించింది. వ్యాధులు వేరైనా రోగులందరిలోనూ నీరసం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం వంటి లక్షణాలు ఉమ్మడిగా కనిపించాయి. ఆచార్యులు పట్టించుకోని ఆ పోలికను ఆయన మరువలేదు.

1930వ దశకంలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఎలుకలపై ప్రయోగాలు చేస్తూ, చలి, గాయం, విషపదార్థం వంటి భిన్న కారణాలకు శరీరం ఒకే తీరుగా స్పందిస్తోందని గమనించారు. అధివృక్క గ్రంథులు పెరిగాయి, థైమస్ కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఈ ఫలితాలు 1936లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. హెచ్చరిక, ప్రతిఘటన, అలసట అనే మూడు దశలను ఆయన వివరించారు. 1956లో ప్రచురించిన గ్రంథంతో ఆయన సిద్ధాంతం సామాన్య పాఠకులకూ చేరింది.

ఆయన జీవితంలో ఒక మచ్చ కూడా ఉంది. పొగాకు పరిశ్రమ నుంచి పరిశోధన నిధులు స్వీకరించి, ఒత్తిడి తగ్గించేదిగా ధూమపానాన్ని సమర్థించారు. ఉపశమనం కలిగిందన్న మాటను నమ్మేముందు, దానిని ఎవరు, ఎలా కొలిచారో అడగాలన్న పాఠం ఇందులో ఉంది.

సెల్యే కొలిచినది శరీరంలోని మార్పులను. అయితే ఒకే డ్యూటీ ఒకరికి అలవాటుగానూ, మరొకరికి మోయలేని బరువుగానూ తోచవచ్చు. ఈ వ్యక్తిగత అంచనాయే కీలకమని మనస్తత్వవేత్త రిచర్డ్ లాజరస్ వాదించారు. సెల్యే 1982 అక్టోబరు 16న మాంట్రియల్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాదే షెల్డన్ కోహెన్ బృందం మనిషికి తోచే ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిని ప్రకటించింది. మొదట 14 ప్రశ్నలుండగా, తర్వాత 10 ప్రశ్నల రూపం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. గడచిన నెలలో పరిస్థితులు ఎంత తరచుగా చేయిదాటినట్లు అనిపించాయో వంటి ప్రశ్నలకు 0 నుంచి 4 వరకు అంకెలు వేస్తారు. మొత్తం 40కి ఎంత చేరువైతే అంత ఎక్కువ ఒత్తిడి.

ఒక పేటలో కొన్ని వారాల యోగా, వ్యాయామ శిక్షణ జరిగిందనుకుందాం. శిక్షణకు ముందూ, ముగిశాకా అవే ప్రశ్నలు అడిగితే మార్పు అంకెల్లో తెలుస్తుంది. అయినా అంకె తగ్గినంత మాత్రాన ఘనత శిక్షణదే అనలేము. మిక్కిలి కలతలో ఉన్నప్పుడు చేరినవారు కాలం గడిచేకొద్దీ కొంత తేరుకోవడం సహజం. పిల్లల పరీక్షలు ముగిసినా, డ్యూటీ మారినా మనసు తేలికపడుతుంది. అందుకే శిక్షణ పొందని అటువంటివారిని కూడా రెండుసార్లు ప్రశ్నించి పోల్చాలి. మధ్యలో మానేసినవారినీ లెక్కలో చేర్చాలి.

ఒత్తిడిని పరిశోధనాంశంగా నిలిపిన ఘనత సెల్యేది. దానిని మోస్తున్న మనిషినే అడిగి తెలుసుకోవాలన్నది ఆయన తరువాతి తరం చేర్చిన అధ్యాయం.