ఆకలితో మరణించిన విత్తనాల శాస్త్రవేత్త



గడ్డు చలి వచ్చినప్పుడు ఒకే జాతి చెట్లలో కొన్ని మాడిపోతాయి, కొన్ని నిలబడతాయి. ఆ తట్టుకునే శక్తి పుట్టుకతో వచ్చేదని గ్రహించి, దాని కోసం దేశదేశాలు తిరిగిన శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్.

ఆయన 1887లో మాస్కోలో జన్మించారు. కరవు కాటకాలు లేని రోజు రావాలని ఐదు ఖండాలు తిరిగి విత్తనాలు సేకరించారు. 1929లో కజకిస్తాన్‌లోని అల్మా-అతా చేరినప్పుడు అక్కడి కొండల మీద ఆపిల్ చెట్ల అడవులే కనిపించాయి. కాయల పరిమాణం, రంగు, రుచి చెట్టు చెట్టుకూ వేరు. ఆపిల్ పుట్టినిల్లు ఇదేనని ఆయన తేల్చారు. 2010లో వెలువడిన జన్యు పరిశోధన దానిని బలపరచింది. అంటుకట్టిన తోటలో ఒకే రకం చెట్లుంటే ఒక్క తెగులుకే అన్నీ దెబ్బతినవచ్చు. గింజ నుండి మొలిచిన అడవి చెట్లు వేటికవే భిన్నం కనుక, విపత్తు వచ్చినా కొన్ని మిగిలి తమ శక్తిని సంతతికి అందిస్తాయి.

ఈ జన్యుశాస్త్రమే తప్పని లిసెంకో వాదించాడు. స్టాలిన్ అతని పక్షం వహించాడు. వావిలోవ్ మాత్రం తాను తెలుసుకున్న సత్యాన్ని విడువలేదు. 1940లో ఆయనను నిర్బంధించారు. 1941-42 శీతాకాలంలో, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాద్‌లో ఆయన సహచరులు కొందరు ధాన్యపు సంచుల మధ్యనే ఆకలితో ప్రాణాలు విడిచారు గాని, దాచిన విత్తనాలను ముట్టలేదు. 1943 జనవరి 26న సరాతోవ్ చెరసాలలో ఆయన కూడా తిండి లేక కృశించి మరణించారు.

1955లో ఆయనను నిర్దోషిగా ప్రకటించారు. లోకానికి అన్నం పెట్టాలనుకున్న మనిషికి పిడికెడు అన్నం కరవైంది. ఆయన కూడబెట్టిన విత్తనాలు మాత్రం మిగిలాయి.