టికెట్ ఫ్రీ.. ఫలహారమూ ఫ్రీ! ఇంగ్లిష్ స్టీమర్ కంపెనీని ఢీకొట్టి అప్పులపాలైన ఠాగూర్ అన్న

రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు తెలియనివాళ్లు ఉండరు. ఆయనకంటే 12 ఏళ్లు పెద్దవాడైన అన్న జ్యోతిరింద్రనాథ్ గురించి మాత్రం బెంగాల్ బయట తెలిసింది తక్కువే. 1849లో కలకత్తాలో పుట్టారు. నాటకాలు రాశారు. ఆయన పియానో మీద ట్యూన్లు కడితే తమ్ముడు పాటలు అల్లేవారు. అలాంటి మనిషి నదిలో స్టీమర్లు నడపబోయి చేతులు కాల్చుకున్నారు.

అసలేం జరిగిందంటే.. ఒకరోజు పేపర్లో ప్రకటన చూసి వేలం పాటకు వెళ్లారు. 7,000 రూపాయలకు ఓ ఓడ కొనేశారు. ఓడంటే ఉత్త బాడీనే. ఇంజిన్ లేదు, గదులు లేవు. కొన్న ధర కాదు, దాన్ని నీళ్ల మీద తిరిగేలా చేయడానికే బోలెడు ఖర్చయింది. తన నాటకం పేరే దానికీ పెట్టారు.. 'సరోజిని'. 1884 ఏప్రిల్‌లో భార్య కాదంబరీదేవి ఆత్మహత్య చేసుకున్నారు. ఆ మరుసటి నెలలోనే సరోజిని బయల్దేరింది.

రూట్ ఖుల్నా నుంచి బరిసాల్. రెండూ ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. ఆ నదుల్లో ఫ్లోటిల్లా అనే ఇంగ్లిష్ కంపెనీ కూడా పోటీకి దిగింది. ఒక్క స్టీమర్‌తో నెగ్గలేమని బంగలక్ష్మి, స్వదేశీ, భారత్, లార్డ్ రిపన్ అంటూ మరో నాలుగు దించారు జ్యోతిరింద్రనాథ్. బరిసాల్ కుర్రాళ్లయితే జెండాలు పట్టుకుని, దేశభక్తి పాటలు పాడుతూ జనాన్ని మన స్టీమర్ వైపు తీసుకొచ్చేవారు. ఛార్జీలు పడిపోయాయి. చివరికి టికెట్ డబ్బులే వద్దన్నారు. పైగా ఎక్కినవాళ్లకు ఎదురు ఫలహారాలు!

స్టీమర్లు కిటకిట.. గల్లాపెట్టె ఖాళీ. ఎంత మంది ఎక్కితే అంత నష్టం. ఫ్రీ ఆఫర్లతో వచ్చే ఇప్పటి యాప్‌లు గుర్తొస్తున్నాయా? వాటి వెనక ఇన్వెస్టర్లుంటారు. ఈయన వెనక ఉన్నది సొంత డబ్బు, అప్పులే. బొగ్గు కొనాలి, సిబ్బందికి జీతాలివ్వాలి. అవతలిది పెద్ద కంపెనీ, తట్టుకుంది.

ఇంతలో 'స్వదేశీ' వచ్చి హౌరా వంతెనకు గుద్దుకుని మునిగిపోయింది. అప్పట్లో అది నీళ్లలో తేలే పడవల మీద వేసిన వంతెన. ఆ దెబ్బతో కంపెనీ మూతపడింది. పోటీలో లాభపడింది ఎవరయ్యా అంటే.. పైసా ఇవ్వకుండా తిరిగొచ్చిన బరిసాల్ ప్రయాణికులే.

ఆ తర్వాత ఆయన స్టీమర్ల జోలికి పోలేదు. సంస్కృత నాటకాలను బెంగాలీలోకి తెచ్చారు, పెన్సిల్‌తో మనుషుల బొమ్మలు గీశారు. చివరి ఏళ్లు రాంచీలో ఓ గుట్ట మీద ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1925లో అక్కడే కన్నుమూశారు. ఆ గుట్టను ఇప్పటికీ ఠాగూర్ హిల్ అనే పిలుస్తారు.