రాజుకు ధైర్యమిచ్చిన పంతులు
చదవమంటే లేచి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయే పిల్లలు మా తరగతుల్లోనూ ఉన్నారు. అలాంటివారికి ఓర్పుతో మాట నేర్పిన లయొనెల్ లోగ్ గురించి తెలుసుకుందాం.

లోగ్ 1880లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. వైద్యం చదవలేదు, స్పష్టంగా మాట్లాడటం నేర్పే పంతులు. మొదటి ప్రపంచ యుద్ధంలో మాట దెబ్బతిన్న సైనికులకు పెర్త్‌లో సాయపడ్డారు. 1924లో లండన్ చేరారు. ధనికుల ఫీజులతో పేదలకు ఉచితంగా నేర్పారు.

1926లో ఇంగ్లండు రాజకుమారుడు, యార్క్ డ్యూక్, నత్తితో ఆయన దగ్గరకు వచ్చారు. లోగ్ ఊపిరిని అదుపు చేయడం నేర్పి, రోజూ సాధన చేయించారు. ఆ రాజకుమారుడే 1936లో ఆరవ జార్జి రాజయ్యారు. 1939 సెప్టెంబరు 3న రాజు రేడియోలో యుద్ధవేళ ప్రసంగిస్తుంటే లోగ్ పక్కనే నిలబడ్డారు. నత్తి పూర్తిగా పోలేదు, భయం తగ్గింది. 1953లో లోగ్ కన్నుమూశారు.

ఇప్పుడు ఈ పనికి డిగ్రీ చదువు ఉంది. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి నడుస్తోంది. పన్నెండో తరగతిలో సైన్సు తీసుకున్న మన పిల్లలు ఈ దారి ఆలోచించవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం లేదా తమిళం మాట్లాడటం వల్ల నత్తి రాదు. తెలుగు బడి మాన్పిస్తే అది పోదు కూడా. తల్లిదండ్రులారా, బిడ్డ మాట తడబడితే మధ్యలో అందుకోకండి. చివరిదాకా వినండి. మేమూ వింటాం.